కిందిమడిలో ఎర్ర పేలికలు

సెప్టెంబర్ 4, గురువారం

బావతో ఇక మాట్లాడను. రేపు నాలుక మెత్తబడకుండా ముందే రాసి పెట్టుకుంటున్నాను.

నిన్న బోటనీ మేడం తన కాలేజీ పిల్లల్ని కిందిమడికి తీసుకొచ్చింది. గార్డెన్ మొత్తంలో నా చేతిలో ఉన్నది ఆ మడి ఒక్కటే. పైనంతా పచ్చిక, గులాబీలు, గోడలా కత్తిరించిన కంచెలు. కిందిమడిలో మాత్రం ఈ నేలలో తనంతట తాను పుట్టేవే ఉండాలని మేడం మేనేజరుతో పోట్లాడి ఉంచింది. గునుగు, తుమ్మి, వెంపలి, విష్ణుక్రాంత, ముళ్ళగోరింట. చూసేవాళ్ళకి పిచ్చిమొక్కలు. వాటిలో పిలవని పేరంటం ఒక్కటే, వయ్యారిభామ. ఎక్కడి నుంచో వచ్చి పడింది. వదిలేస్తే మిగతావాటి పీక నొక్కేస్తుంది. దాన్ని పీకుతూ, ఎందుకు పీకాలో పిల్లలకి చెబుతున్నాను.

బావ గడ్డి కోసే మెషిన్ భుజాన తగిలించుకుని అటుగా పోతున్నవాడు ఆగాడు.

"మా బావమరిది సంగతి నన్నడగండి పిల్లలూ. వయ్యారిభామ కనబడితే చాలు, వేళ్ళతో సహా పీకి గట్టవతల పారేస్తాడు. ఇంట్లో ఉన్నదాన్ని కూడా అలాగే పారేశాడు."

పిల్లలు విరగబడి నవ్వారు. మేడం నవ్వలేదు. కిందికి చూసింది. ఆవిడ కూడా నవ్వి ఉంటే బాగుండేది.

నా భార్య తనంతట తనే వెళ్ళిపోయింది. నేను పారేయలేదు. దాని గురించి ఇంతకన్నా రాయను.

ఈ పని బావకి ఇప్పించింది ఎవరు? నేను. రోడ్ల పక్కన చెట్లు కొట్టే ముఠాలో తిరిగేటప్పుడు కొమ్మ మీద పడి ఎడమ చెయ్యి భుజం దాటి లేవకుండా పోయింది. మళ్ళీ అటు పంపితే ఈసారి తల మీదే పడుతుందని అక్క నా దగ్గర ఏడ్చింది. మేనేజరు కాళ్ళావేళ్ళా పడ్డాను. మెషిన్ నడుము దగ్గర ఆడించేది కాబట్టి చెయ్యి పైకెత్తే పని లేదని ఒప్పించాను. దానికి ఇదీ ప్రతిఫలం.

సెప్టెంబర్ 5, శుక్రవారం

మాట్లాడలేదు. మాట్లాడటం లేదని ఆ మనిషికి తెలిసినట్టు కూడా లేదు.

సెప్టెంబర్ 7, ఆదివారం

ఈరోజు తెలిసింది. పొద్దున చెప్పుల దగ్గర "ఏంట్రా, పళ్ళు నొప్పా?" అని అడిగాడు. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

మడిలో పూరేడు గూడు కనిపించింది. గూడంటే గూడు కాదు, గునుగు దుబ్బు కింద నేల మీద చిన్న గుంట, పైన గడ్డి వంచి కప్పుకుంది. నాలుగు గుడ్లు. బూడిద రంగు మీద మట్టి రంగు చుక్కలు. ఇంకొంచెం ఉంటే తొక్కేవాణ్ణి. పిట్ట ఎగరలేదు. నా కాళ్ళ పక్కనుంచే ఎలకలా పరుగెత్తి, వెంపలి చాటున ఆగి నన్ను చూసింది. నేను వెనక్కి తగ్గాక నడుచుకుంటూ వచ్చి మళ్ళీ కూర్చుంది.

మేడం వచ్చినప్పుడు దూరం నుంచి చూపించాను. ఆవిడ దుర్భిణీ పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మగది. ఈ రకం పూరేళ్ళలో మగదే పొదుగుతుంది. ఆడది గుడ్లు పెట్టేసి ఇంకో మగదాని దగ్గరికి వెళ్ళిపోతుంది. పిల్లల్ని తిప్పేది కూడా..." అని ఆగిపోయింది.

"సరే మేడం" అన్నాను.

ఈ సంగతి బావ చెవిన పడకూడదు. పడిందంటే నాకిక ఆ పేరే. గేటు దగ్గర పూరేడు, క్యాంటీన్లో పూరేడు, ఇంట్లో అన్నం దగ్గర కూడా పూరేడు. పడనివ్వను.

సెప్టెంబర్ 9, మంగళవారం

ఇరవయ్యో తేదీన గార్డెన్ కమిటీ వస్తోందట. కిందిమడిని ఉంచాలా, తీసేసి పచ్చిక వేసి బల్లలు పెట్టాలా అన్నది ఆరోజే తేలుస్తారట. మేడం మొహంలో సంతోషం. ఇరవై నాటికి గునుగు మొత్తం పూస్తుంది, విష్ణుక్రాంత నేలంతా నీలంగా పరుచుకుంటుంది, తేనెపిట్టలు వస్తాయి, పూరేడు పిల్లలు కూడా దిగి ఉంటాయి, అదంతా చూశాక ఎవరికి తీసేయాలనిపిస్తుంది అంది.

మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు.

"ఏమయ్యా, కమిటీ వచ్చేలోపు గార్డెన్ అంతా గడ్డి కోయించాలి. మీ బావకి చెప్పు. కిందిమడి మాత్రం ముట్టుకోవద్దను."

"సరే సార్."

"మర్చిపోకు."

"మర్చిపోను సార్."

బయట బావ మెషిన్‌లో పెట్రోల్ పోస్తున్నాడు. వెనక నుంచి నడుచుకుంటూ వచ్చేశాను. సాయంత్రం చెప్పొచ్చు.

సెప్టెంబర్ 10, బుధవారం

ఇంట్లో ఉన్నవి రెండు గదులు. ఒకటి వాళ్ళిద్దరిదీ, ఒకటి నాదీ వంటదీ. ఇంత చోటులో ఒక మనిషితో మాట్లాడకుండా ఉండటం అంత తేలిక కాదు. తినేటప్పుడు మోకాళ్ళు తగులుతాయి.

"అక్కా, వాన వచ్చేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళమను" అన్నాను.

"ఎవర్ని?"

"ఎవర్నో ఒకర్ని."

బావ పగలబడి నవ్వాడు. "ఒసేయ్, నాకు గొడుగొద్దని చెప్పవే మీ తమ్ముడికి."

"ఒక ఇంట్లో ఉంటూ ఈ మూగనోములేంట్రా నాకు" అంది అక్క. "మధ్యలో నేనేమన్నా పోస్టాఫీసునా? ఇద్దరూ కలిసి నా నోరు అరగదీస్తున్నారు. ఏదన్నా ఉంటే మొహం మీద తిట్టుకుని చావండి."

అక్కతో చెప్పి పంపితే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ కిందిమడి ఎందుకు ముట్టుకోకూడదని బావ అడుగుతాడు. అడగకుండా ఊరుకునే మనిషి కాదు. ఎందుకో చెబితే గూడు, గూడంటే మగదే పొదుగుతుందన్న మాట, అది వస్తే ఆమె.

సెప్టెంబర్ 12, శుక్రవారం

దారి దొరికింది. అక్క పాత ఎర్ర లంగా ఒకటి మూటలో ఉంటే చింపి పేలికలు చేశాను. కిందిమడి చుట్టూ పుల్లలు పాతి వాటికి కట్టాను. గునుగు దుబ్బులకి, ముళ్ళగోరింటకి విడిగా కట్టాను. గూటి దగ్గర నాలుగు వైపులా కట్టాను. నర్సరీలో పద్ధతి అదే. విత్తనానికి ఉంచుకున్న మొక్కకి గుడ్డ కడతాం. గుడ్డ ఉన్నదాన్ని ఎవరూ ముట్టరు. నేను పనిలో చేరిన రోజు నుంచీ అంతే.

గుడ్డివాడికి కూడా కనబడుతుంది ఆ ఎరుపు. ఇంకా నోటితో వేరే చెప్పాలా?

సెప్టెంబర్ 13, శనివారం

అక్క లంగా కోసం ఇల్లంతా వెతుకుతోంది. నాకు తెలియదన్నాను.

సెప్టెంబర్ 14, ఆదివారం

పొద్దుటి నుంచీ వాన. గొడుగు వేసుకుని కిందిమడికి వెళ్ళి చూశాను. మగది కదల్లేదు. వీపు మీంచి నీళ్ళు కారుతున్నా కదల్లేదు. కొంచెం దూరంలో ముంగిస ఒకటి గట్టు దిగబోతుంటే రాయి విసిరాను.

సెప్టెంబర్ 15, సోమవారం

పోయింది.

మొత్తం రాయాలి. రాయకపోతే రేపు ఎవరో ఒకరు ఇంకోలా చెబుతారు.

పొద్దున్నే మేనేజరు నన్ను మొక్కలు తెమ్మని ఊరవతల నర్సరీకి పంపాడు. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గేటు దగ్గరే కోసిన పచ్చి వాసన తగిలింది. పైన పచ్చిక కోసి ఉంటారు అనుకున్నాను. కానీ ఆ వాసనలో తుమ్మి ఘాటు ఉంది. తుమ్మి పైన లేదు. మొక్కల బండి అక్కడే వదిలేసి పరుగెత్తాను.

కిందిమడి నున్నగా ఉంది. క్షవరం చేసిన గడ్డంలా ఉంది. బావ గట్టు దాకా వచ్చి ఆగాడు, గట్టు మీది గడ్డి ముట్టుకోలేదు. నేను పుల్లలు పాతిన గీత ఎక్కడుందో సరిగ్గా అక్కడికే కోశాడు. గునుగు మొగ్గలు, విష్ణుక్రాంత, అన్నీ కలిపి ఒక పక్కకి పోగేశాడు. ఎర్ర పేలికలు అన్నీ ఏరి, మడతపెట్టి, పోగు మీద రాయి పెట్టి ఉంచాడు.

బావ వేపచెట్టు కింద కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి పక్కనున్న మెషిన్ పట్టుకుని లేచాడు. మొహం వెలిగిపోతోంది.

"చూశావా? నువ్వు గుర్తుపెట్టిందంతా శుభ్రం చేసేశా. అన్నం కూడా తినలేదు, ముందు బావమరిది పని అని నీదే మొదలుపెట్టా. నోటితో మాట్లాడకపోతేనేం, గుడ్డలతోనైనా మాట్లాడావు. పోన్లే, అదే పదివేలు."

నేను చొక్కా పట్టుకున్నాను. చెట్టుకేసి నొక్కాను. ఏం తిట్టానో గుర్తు లేదు. తిట్టానన్నది గుర్తుంది.

"గుడ్డ కట్టింది కొట్టమని కాదా? గుడ్డ ఉన్నదే కదరా కొట్టేది" అంటున్నాడు, మళ్ళీ మళ్ళీ అదే మాట. చెట్లు కొట్టే ముఠాలో అధికారి ముందు వెళ్ళి, ఏ చెట్టు పడగొట్టాలో దానికి ఎర్రగుడ్డ కట్టి పోతాడట. వెనక ముఠా వచ్చి గుడ్డ ఉన్నదాన్ని కొడుతుందట, లేనిదాన్ని వదిలేస్తుందట. "నీకు చెప్పాను కదరా ఆ సంగతులన్నీ" అన్నాడు.

చెప్పి ఉండొచ్చు. రాత్రీ పగలూ వాగే మనిషి. ఏదని వింటాం? ఏదని గుర్తుపెట్టుకుంటాం?

నన్ను తోసెయ్యలేదు. ఒక చేత్తో మెషిన్ పట్టుకుని ఉన్నాడు. రెండో చెయ్యి లేవదు. అది నాకప్పుడు తట్టలేదు.

గూడు ఉన్నచోట గుడ్డు పెంకులు, పచ్చ సొన, చీమలు. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. పొద్దు వాలాక మగది వచ్చింది. దాక్కోవడానికి గడ్డి లేదు. బోడి నేల మీద నాలుగడుగులు వేయడం, ఆగడం, మెడ చాచడం, మళ్ళీ నాలుగడుగులు. ముంగిస వచ్చినా చూసుకునే స్థితిలో లేదు. తరమడానికి నాకూ లేవబుద్ధి కాలేదు.

సెప్టెంబర్ 16, మంగళవారం

మేనేజరు ఇద్దర్నీ నిలబెట్టాడు. మేడం ఫోన్‌లో అరిచిందట. కమిటీకి నేనేం మొహం చూపించాలి అని బల్ల గుద్దాడు.

"కిందిమడి ముట్టుకోవద్దని నీకు చెప్పమన్నానా లేదా?" అని నన్నడిగాడు.

"చెప్పమన్నారు సార్."

"చెప్పావా?"

"చెప్పాను సార్."

బావ నా వైపు తిరిగాడు. నేను గోడ మీద గడియారం చూస్తున్నాను. మేనేజరు ఆయన్నడిగాడు, "నీకు చెప్పాడా?"

ఆ గదిలో ఫ్యాన్ తిరిగితే కిర్రుమంటుంది.

"చెప్పాడు సార్" అన్నాడు బావ. "నాకే చెవికెక్కలేదు."

"చెవికెక్కనివాడు నాకెందుకయ్యా? మెషిన్ అప్పగించి వెళ్ళు."

అప్పగించాడు. బయటికొచ్చాక నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోతోంది. చెప్పాడు అనమని ఆ మనిషిని ఎవరడిగారు? చెప్పలేదు అనొచ్చు కదా. అక్కడే తేల్చుకునేవాళ్ళం. గుడ్డ కట్టాను అనేవాణ్ణి, నర్సరీలో ఎవర్నడిగినా చెబుతారు అనేవాణ్ణి. నాకు సందివ్వకుండా పెద్దమనిషి తరహా పోయాడు. ఇప్పుడు నేను ఆయన దయ మీద బతుకుతున్నట్టయింది.

సెప్టెంబర్ 17, బుధవారం

చెప్పాను. గుడ్డ కట్టడమంటే చెప్పడమే.

సెప్టెంబర్ 18, గురువారం

బావ ఇంట్లో ఏం చెప్పుకున్నాడో ఈరోజు తెలిసింది. అక్క నాకు అన్నం పెట్టి, తను తినకుండా ఎదురుగా కూర్చుంది.

"నువ్వు వద్దని చెప్పినా వినలేదటగా."

నేను ముద్ద కలుపుతున్నాను.

"ఆ చెవులు ఉన్నాయే, అవి మొహానికి అందం కోసం పెట్టించుకున్నవి. నేను ఉప్పు తెమ్మంటే సబ్బు తెస్తాడు. నీ పరువు తీశాడు, తన పొట్ట కొట్టుకున్నాడు. ఆయన తరఫున నేనడుగుతున్నా, మనసులో పెట్టుకోకురా."

"పెట్టుకోలేదులే."

"నీ మొహం చూస్తే తెలీదా? పసుపుకొమ్ము కొరికినట్టుంది."

రెండు ముద్దలు తిని లేచాను. ఎవరి మీద కోపమో తెలియకుండా కంచం విసురుగా పెట్టాను. పక్కగదిలో బావ దగ్గాడు. అక్క నన్ను తిట్టి ఉంటే నాకింత అన్నం సహించేది. నాకు క్షమాపణ చెబుతోంది. ఇద్దరూ కలిసి నన్ను చంపుతున్నారు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

సోమవారం పొద్దున ముఠా లారీ వస్తుందట. బావ మళ్ళీ చెట్లు కొట్టడానికి పోతున్నాడు. మేస్త్రీతో మాట్లాడుకున్నాడట. ఎడమ చెయ్యి సంగతి అడిగితే "బాగైపోయింది" అన్నాడట.

అక్క గోడవైపు తిరిగి పడుకుంది.

పోనీ. ఎవరి పని వాళ్ళది. చిన్నపిల్లాడేం కాదు.

కిందిమడికి ఈరోజు పికిలిపిట్టలు వచ్చాయి. పోగులో పురుగులు ఏరుకుంటున్నాయి. మిగతావి ఏవీ రాలేదు. పూరేడు కనబడలేదు.

సెప్టెంబర్ 20, శనివారం

కమిటీ వచ్చింది. నలుగురు. బూట్లకి మట్టి అంటుతుందని గట్టు మీదే నిలబడ్డారు. మేడం బోడినేల చూపిస్తూ ఇక్కడ గునుగు ఉండేది, ఇక్కడ విష్ణుక్రాంత ఉండేది, ఇక్కడ పూరేడు పొదిగేది అని చెబుతుంటే, పోయినవాళ్ళ ఫొటోలు చూపిస్తున్నట్టుంది. వాళ్ళలో ఒకాయన "ఇలా శుభ్రంగా ఉంటేనే బాగుందండీ" అన్నాడు. పచ్చిక వేసి బల్లలు పెడితే జనం కూర్చుంటారన్నాడు. ఆ మాటతో అయిపోయింది. టీ తాగి వెళ్ళారు.

మేడం నా దగ్గర ఆగింది. కోప్పడుతుందేమో అనుకున్నాను.

"మీరు ఆయనకి గూడు ఉందని కూడా చెప్పారా?"

నేను వంగి కాలికి అంటిన మట్టి దులుపుకున్నాను.

"ఎందుకంటే, మొన్న ఎండాకాలం పైన కంచె కత్తిరిస్తూ మధ్యలో ఆపేశారు ఆయన. లోపల పికిలిపిట్ట గూడు ఉందట. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ కంచె సగం జుట్టు కత్తిరించినట్టు అలాగే వదిలేశారు. మేనేజరు చేత తిట్లు కూడా తిన్నారు. గూడు ఉందని తెలిస్తే ఆ మనిషి కోయరు. అదే నాకు అర్థం కావట్లేదు."

ఆవిడ వెళ్ళిపోయింది. నాకు ఆ కంచె గుర్తుంది. ఎండకి తాళలేక పని ఎగ్గొట్టాడని అప్పుడు నేనే అన్నాను.

మేనేజరు గదిలోకి పిలిచాడు. మెషిన్ బల్ల పక్కన పెట్టి ఉంది.

"ఇక పచ్చిక కదా, కోత పని పెరుగుతుంది. కిందిమడి లేదు కాబట్టి నీకూ వేరే పని లేదు. సోమవారం నుంచి మెషిన్ నువ్వు పట్టు."

ఆ మెషిన్ పట్టీకి భుజం ఒరుసుకోకుండా అక్క పాత దుప్పటి ముక్క మడిచి కుట్టింది. చెమటకి నల్లబడింది. మేనేజరు దాన్ని నా భుజాన వేయబోయాడు.

"నేను చెప్పలేదు సార్" అన్నాను.

"ఏం చెప్పలేదు?"

"కిందిమడి సంగతి. ఆయనకి చెప్పలేదు. మాకు మాటల్లేవు. గుడ్డలు కట్టాను. ఆయన వాటిని చూసి కోయమన్నాననుకున్నాడు. గూడు సంగతి అసలే చెప్పలేదు."

"మరి ఆయనే చెప్పాడన్నాడుగా?"

"అబద్ధం చెప్పాడు సార్."

"నువ్వో?"

"నేనూ."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "మీ ఇంటి మూతివిరుపులకి నా గార్డెన్ దొరికిందా? మాటల్లేవట. గుడ్డలట. సరే, విను. ఉన్నది ఒక్క మెషిన్. ఒక్కరికే పని. నువ్వు వస్తావో ఆయన్ని పంపుతావో సోమవారం పొద్దున్నకల్లా తేల్చుకోండి. ఇద్దరూ కలిసి మాత్రం నా కంటికి కనబడొద్దు."

నిజం చెబితే గుండె తేలికవుతుందంటారు. నాకేం కాలేదు. వచ్చేటప్పుడు గార్డెన్ గేటుని కాలితో తన్నాను. వేలు వాచింది.

సెప్టెంబర్ 21, ఆదివారం

బావ సంచి సర్దుకుంటుంటే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. పద్దెనిమిది రోజుల తర్వాత, మొన్నటి తిట్లు వదిలేస్తే, మొదటి మాట ఏది అనాలో ముందే అనుకుని వెళ్ళాను. అది రాలేదు.

"గొడ్డలి పైకెత్తి చూపించు" అన్నాను.

"మాటలొచ్చాయే" అన్నాడు, సంచిలోంచి తలెత్తకుండా. "నోము తీరిందా?"

"ఎత్తి చూపించు. ఆ చేత్తో ఎత్తి చూపిస్తే లారీ ఎక్కు."

"నువ్వెవడివిరా నాకు పరీక్ష పెట్టడానికి?"

"మేనేజరుకి చెప్పేశాను. రేపు నువ్వు మెషిన్‌కి పోతున్నావు. లారీ నేనెక్కుతున్నా."

అప్పుడు లేచాడు. ఇన్నేళ్ళలో ఆ మనిషికి నిజంగా కోపం రావడం నేను చూడలేదు. నవ్వే మొహానికి కోపం వస్తే ఎలా ఉంటుందో తెలియదు నాకు. గద్దించాడు. "చెప్పేశావా? ఎవర్నడిగి చెప్పావు? ఒకడి పని పోతే పోయింది, రెండోవాడిదన్నా ఉంటుందని నేను నోరు మూసుకుంటే, నువ్వు పోయి నీ పనే పోగొట్టుకొచ్చావా? నీకు బుర్ర ఉందా, అందులో కూడా పిచ్చిమొక్కలే మొలిచాయా?"

"నన్ను కాపాడమని నిన్నెవడు అడిగాడు?"

"నిన్నా? నిన్ను కాపాడటానికి నువ్వేమన్నా మా అత్త కన్న బంగారానివా? దీని మొహం చూసి అన్నా" అని అక్కని చూపించాడు.

అక్క వంటగిన్నె పట్టుకుని వచ్చి మధ్యలో నిలబడింది. "ఏంటి? ఎవరు ఎవరికి చెప్పలేదు? ఏ గుడ్డలు?"

"మీ తమ్ముణ్ణడుగు. ఎర్రగుడ్డలు కట్టి నాతో మాట్లాడాడు."

"ఎర్ర..." అక్క నా వైపు తిరిగింది. "ఒరేయ్, అది నా లంగానా?"

నేను తల దించుకున్నాను.

"పదిమంది చూసేచోట నా లంగా చింపి కడతావట్రా? దానికోసమా ఇల్లంతా దులిపింది నేను?" అని గిన్నె విసిరేసింది. మా ఇద్దరికీ తగల్లేదు. గోడకి తగిలింది. తర్వాత నన్నూ బావనీ కలిపి, మా రెండు వంశాలనీ కలిపి, ఊపిరి తీసుకోకుండా తిట్టింది. చెప్పకుండానే చెప్పానన్నావా నువ్వు, చెప్పాడన్నాడా ఈయన, ఇద్దరి నోళ్ళలో పుళ్ళు పడ అంది. నేను నీకు క్షమాపణ చెప్పానట్రా అంది. అదే అన్నిటికన్నా ఎక్కువ తగిలినట్టుంది అక్కకి. బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చుంది.

ఇద్దరం మిగిలాం.

"మేనేజరు ముందు చెప్పానన్నావే, దానికి నాకేం లేదురా" అన్నాడు బావ. గొంతు ఇంకా కోపంగానే ఉంది. "పని పోతుందని భయపడితే ఎవడైనా అంటాడు. గూడు ఉందని నాకెందుకు చెప్పలేదు? ఆ గుడ్లు నా మెషిన్ కింద పోయాయి. చేతికి తగిలినట్టే ఉంది నాకు. నిద్ర పడితేగా."

నేను చెప్పాను. మగదే పొదుగుతుందట, ఆడది వెళ్ళిపోతుందట, మేడం చెప్పింది. ఇది నీకు తెలిస్తే నన్నేమంటావో తెలుసు కాబట్టి చెప్పలేదు.

"నేను నవ్వుతాననా?"

"నవ్వేవాడివే."

కాదంటాడనుకున్నాను.

"నవ్వేవాణ్ణే" అన్నాడు. "ఊరంతా చెప్పి మరీ నవ్వేవాణ్ణి. నవ్వి, మడి వదిలేసి పక్కనుంచి పోయేవాణ్ణి."

గోడ దగ్గర పడ్డ గిన్నె తీసి పక్కన పెట్టాను.

"ఆ రోజు పిల్లల ముందు అన్నది..." అని మొదలుపెట్టాడు. నేను వద్దన్నాను. ఆ మాటకి క్షమాపణ వింటే నేను తట్టుకోలేను. ఊరుకున్నాడు. ఊరుకోవడం కూడా ఆ మనిషికి వచ్చని ఇవాళే తెలిసింది.

లారీ ఎవరు ఎక్కాలన్నది తేలలేదు. నేనంటే నేనని అరుచుకున్నాం. పక్కింటివాళ్ళు కిటికీ తెరిచి చూశారు.

సెప్టెంబర్ 22, సోమవారం

లారీలో రాస్తున్నాను. అక్షరాలు ఎగిరిపడుతున్నాయి.

బావకన్నా ముందే లేచాను. అక్క ఇంకా ముందు లేచి అన్నం మూట కట్టి పెట్టింది. ఒక్కటే మూట. ఎవరికని నేనడగలేదు, తను చెప్పలేదు. గుమ్మం దగ్గర నా చేతిలో పెట్టి, నా మొహం చూడకుండా లోపలికి వెళ్ళింది. ఇంకా కోపంగానే ఉంది. ఉండనీ.

లారీ సందు చివర హారన్ కొట్టింది. నేను ఎక్కాను. మేస్త్రీ "ఆయన రాలేదేం?" అన్నాడు. "ఆయనకి చెయ్యి లేవదు, మీకు అబద్ధం చెప్పాడు" అన్నాను. నా చేతులు చూపించమన్నాడు. చూపించాను.

లారీ కదిలాక బావ పరుగెత్తుకొచ్చాడు. లుంగీ ఒక చేత్తో ఎగ్గట్టుకుని, చెప్పుల్లేకుండా.

"దిగరా వెధవా! గొడ్డలి పట్టుకోవడం వచ్చట్రా నీకు? దిగు!"

"నువ్వు మెషిన్‌కి పోరా ముందు! ఆలస్యమైతే ఆ పనీ పోతుంది!"

"నన్నే రా అంటావా? కొమ్మ వంగినవైపు నిలబడకురా దరిద్రుడా! తాడు పట్టినవాడి వెనకాల ఉండు! వినబడిందా?"

"నాకు నువ్వు చెప్పాలా!"

"నేను కాకపోతే ఎవడు చెబుతాడ్రా నీకు, పూరేడు మొహమోడా!"

లారీలో ఉన్న ముఠా అంతా గొల్లున నవ్వింది. నేను నోటికొచ్చిన బూతు తిట్టాను. ఆయన దానికి రెండింతలు తిట్టాడు. అటూ ఇటూ తలుపులు తెరుచుకుంటున్నాయి, ఎవరెవరో బయటికొచ్చి చూస్తున్నారు. లారీ మలుపు తిరిగేదాకా ఇద్దరం తిట్టుకుంటూనే ఉన్నాం.